మూల మేడమ్

ఆ ఏడు వానలు పట్టిన వారానికే మా డాబా మీద డిష్ లేచింది, కేబుల్ వైరు దిగిపోయింది. మా వీధిలో ప్రతి ఇంటికీ ఆ వైరు లాగింది నాన్నే. ఎవరి పిట్టగోడ గట్టిదో, ఎవరి రేకులు అడుగు పెడితే కుంగుతాయో ఆయన కాళ్లకి తెలుసు. అలాంటి మనిషి మా ఇంటి వైరుని తన చేత్తోనే కత్తిరించి, చుట్ట చుట్టి, మామయ్య ఆఫీసు గుమ్మంలో పడేసి వచ్చాడు.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. కేబుల్ వ్యాపారం ఆయనది. నాన్న ఆయన దగ్గర పనివాడనీ చెప్పలేం, భాగస్తుడనీ చెప్పలేం. బావ, అంతే. ఆఫీసూ మిషన్లూ మామయ్య చూసుకునేవాడు, నిచ్చెనా వైర్లూ నాన్న చూసుకునేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలాగే నడిచింది. ఆ వేసవిలో మామయ్య కొత్త మిషన్లు తెచ్చి హెచ్‌డీ మొదలుపెట్టాడు. ముందు ఏ వీధికి ఇవ్వాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. "నిచ్చెనెక్కడం తప్ప నీకేం తెలుసు బావా, ఇది నాకొదిలెయ్" అన్నాడట మామయ్య, నలుగురి ముందూ. అనేసి ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. నాన్న మర్చిపోలేదు.

"వాడి వైరు నా ఇంట్లో ఉంటే నాకు తిన్నది అరగదు" అన్నాడు అమ్మతో.

"వాడి నోటి దురుసు మీకు కొత్తా? చిన్నప్పుడు మా నాన్ననే అనేవాడు."

"మీ నాన్న పడ్డాడు. నేను పడను."

నెల తిరక్కుండా డిష్ కంపెనీ ఏజెంటు అయిపోయాడు. వరండాలో అట్టపెట్టెలు పేరుకున్నాయి. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నానని ఫోను నా చేతిలో పెట్టాడు. "బొమ్మ కదలకుండా ఆగిపోయిందండీ" అనేవాళ్లకి "మబ్బు విడిపోగానే వస్తుందండీ" అనాలి. "లోకల్ ఛానెల్ హెచ్‌డీలో వస్తుందా?" అని అడిగేవాళ్లకి "వచ్చే నెల నుంచి వస్తుందండీ" అనాలి. మబ్బు సంగతి నిజమే. రెండోదాని మీద నాకు నమ్మకం లేదు.

డిష్‌లో హెచ్‌డీ ఛానెళ్లకి కరువు లేదు. మంచుకొండలొచ్చేవి, సముద్రం అడుగున చేపలొచ్చేవి, ఏ భాషో తెలియని వాళ్ల వంటలొచ్చేవి. మా ఊరి ఛానెల్ మాత్రం వచ్చేది కాదు. దాని బొమ్మ స్టూడియో నుంచి మామయ్య ఆఫీసుకి తీగ మీద నడిచొచ్చేది. అదే ఆకాశం దాకా వెళ్లి తిరిగి రావాలంటే కంపెనీ పైన ఉపగ్రహంలో చోటివ్వాలి. ఊరికో ఛానెల్ ఉంటే ఎన్నింటికని ఇస్తారు? కరెంటు ఎప్పుడు పోతుందో, ఏ వీధిలో రోడ్డు తవ్వుతారో చెప్పే ఛానెల్ అది. అది లేకపోతే ఏ ఇల్లూ మునిగిపోదు.

మా ఇంట్లో ఆ ఛానెల్ కావలసిన మనిషి ఒక్కరే. ఆమె నోటితో అడగలేదు.

అత్త, అంటే నాన్న చెల్లెలు, మాతోనే ఉండేది. పుట్టుకతోనే వినపడదు, మాట కూడా రాలేదు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని బడిపిల్లల యూనిఫారాలూ, పరదాలూ కుట్టేది. ఆమెతో మాట్లాడటానికి నానమ్మ కట్టిపెట్టిపోయిన సైగలు కొన్ని ఉండేవి. మీసం తిప్పితే నాన్న. మెడ వెనక ముడి చుట్టినట్టు చేస్తే అమ్మ. నా ముందు పన్ను కాస్త వంకర, అందుకని పన్ను మీద వేలు పెడితే నేను. మోచేతి చుట్టూ వైరు చుట్టినట్టు చేస్తే మామయ్య. ఇవి కాక టీ, భోజనం, వాన, నొప్పి, ఎవరో వచ్చారు, లైటు ఆర్పు. వాటితో రోజు గడిచిపోయేది. రోజు గడవడమే మాట్లాడుకోవడం అనుకునేవాళ్లం.

వేసవి చివర్లో, గొడవకి ముందు, మామయ్య మొదటి హెచ్‌డీ బాక్సు తెచ్చి మా ఇంట్లోనే బిగించి చూశాడు. సాయంత్రం ఆరు గంటల లోకల్ వార్తలు పెట్టాడు. ఆ వార్తల్లో కుడివైపు మూల చిన్న గడిలో ఒకావిడ నిలబడి వినపడనివాళ్ల కోసం సైగలు చేస్తుంటుంది. పాత బొమ్మలో అక్కడేదో కదులుతోందని తెలిసేదే తప్ప అవి చేతులో, గాలికి ఊగే గుడ్డో తెలిసేది కాదు. ఆ రోజు వేళ్ల కణుపులతో సహా కనపడ్డాయి. మిషన్ చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే అత్త నోట్లో దారప్పోగు అలాగే పెట్టుకుని, కళ్లప్పగించి ఆ మూలకేసి చూస్తోంది.

మర్నాటి నుంచి ఆరయ్యేసరికి మిషన్ మూసి, పీట తెచ్చుకుని టీవీ ముందు కూర్చునేది. వార్తలయ్యాక ఐదు నిమిషాల సేపు ఆవిడే తెరంతా నిండి రోజుకి కొన్ని మాటలు బొమ్మలతో నేర్పేది. మేం ఆవిడకి మూల మేడమ్ అని పేరు పెట్టాం. అత్త కూడా పెట్టుకుంది. బుగ్గ పక్కన రెండు చేతులతో గడి కట్టి చూపించేది.

ఒకరోజు అత్త నాకు 'నిన్న' నేర్పింది. బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి తోయడం. నాకు అప్పుడు తట్టింది, మా ఇంటి సైగల్లో నిన్న లేదు, రేపు లేదు. ఇన్నేళ్లూ ఆమెతో ఇప్పటి సంగతులు తప్ప ఇంకేవీ మాట్లాడలేదు మేం. ఆ సాయంత్రం అత్త బొటనవేలిని వెనక్కి, ఇంకా వెనక్కి తోసి, నానమ్మని చూపించింది. తర్వాత తనని, చిన్నపిల్ల అన్నట్టు నేలకి దగ్గరగా చెయ్యి పెట్టి. తర్వాత వాన, బడి. అక్కడ ఆగిపోయింది. వేళ్లు గాల్లో వెతుక్కున్నాయి. ఆ మాట మూల మేడమ్ ఇంకా నేర్పలేదు. తర్వాత చెప్తాలే అన్నట్టు నా చెంప మీద తట్టి నవ్వింది.

ఆ తర్వాత వారమే వైరు తెగింది.

మొదటి సాయంత్రం అత్త అలవాటుగా పీట వేసుకుని కూర్చుంది. నాన్న ఆమెకి రిమోట్ ఇచ్చి, ఛానెళ్లన్నీ గర్వంగా తిప్పి చూపించాడు. ఆమె బుగ్గ పక్కన గడి కట్టి, ఏది అన్నట్టు చూసింది. నాన్న తల ఊపాడు, వస్తుంది, కాస్త ఆగు అని. ఆయన అబద్ధమాడాడని అనను. కంపెనీ వాళ్లు చెప్పింది నమ్మాడు. నమ్మకపోతే ఆయనకి వేరే దారి లేదు.

చెప్పినట్టే, వానలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం లోకల్ ఛానెల్ డిష్‌లోకి వచ్చింది. నాన్న వీధిలోంచే కేకేసుకుంటూ వచ్చాడు.

"వచ్చిందే! చెప్పానా లేదా? అమ్మాయ్, అత్తని పిలువు. ఫోన్ చేసినవాళ్లందరికీ చెప్పు, వచ్చిందని."

"హెచ్‌డీలోనా నాన్నా?"

"ముందు వచ్చిందిగా. హెచ్‌డీ తర్వాత అదే వస్తుంది."

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ అమ్మ కూడా వచ్చింది. వార్తలు మొదలయ్యాయి. చదివేవాడి మొహం కాస్త మసగ్గా ఉన్నా మనిషి తెలుస్తున్నాడు. కుడివైపు మూల గడి ఉంది, గడిలో మూల మేడమ్ కూడా ఉంది. ఆవిడ చేతులు మాత్రం రెండు పిండి ముద్దల్లా కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. అత్త పీట ముందుకి జరుపుకుంది. మళ్లీ జరుపుకుంది. చివరికి లేచి, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా నిలబడింది. దగ్గరికి వెళ్లినకొద్దీ ఆ చేతులు చదరాలు చదరాలుగా విడిపోయి ఉంటాయి.

"ఏం, బాగుందా?" అని నాన్న బొటనవేలు పైకెత్తి అడిగాడు.

అత్త టీవీ వదిలేసి నాన్న మొహంలోకి చూసింది. కాసేపు చూసింది. తర్వాత తనూ బొటనవేలు ఎత్తి, ఆయన భుజం తట్టి, పీట మీద కూర్చుని వార్తలు ఆసాంతం చూసింది.

మర్నాడు ఆరింటికి మిషన్ ఆగలేదు.

"అలవాటు తప్పిపోయినట్టుంది పాపం" అన్నాడు నాన్న. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి అత్త సాయంత్రాలు సంచి పట్టుకుని బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. గుండీలు కొనడానికని చూపించేది. గుండీలకి రోజూ వెళ్తారా? ఒకరోజు చీకటి పడకముందే కుండపోతగా వాన అందుకుంది. అత్త గొడుగు తీసుకెళ్లలేదు. "కొట్ల దగ్గర ఎక్కడైనా నిలబడిపోయిందేమో, చూసిరా" అని అమ్మ నన్ను పంపింది.

గుండీల కొట్లో లేదు. పక్కన లేసుల కొట్టాయన, "మీ అత్తా? రోజూ ఇటు వెళ్తుంటుంది కదా" అని వీధి చివరికి చూపించాడు. అక్కడున్నది మామయ్య ఆఫీసు.

మిషన్ల గదిలో చల్లగా ఉంది. గోడకి వరసగా తెరలు, అన్నింటి కంటే పెద్దదాని మీద లోకల్ ఛానెల్. వార్తలు అయిపోయాయి, మూల మేడమ్ తెరనిండా ఉంది. అత్త ఒళ్లో సగం కుట్టిన చొక్కా పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. పక్కన మామయ్య. ఇద్దరూ ఆవిడతో పాటు చేతులు తిప్పుతున్నారు. మామయ్యవి లావు వేళ్లు, ఒకటి వంచితే రెండు వంగుతున్నాయి. అత్త ఆయన వేళ్లు పట్టుకుని సరిచేస్తూ, భుజాలు ఎగిరేలా నవ్వుతోంది. ఇంట్లో ఆమె అలా నవ్వగా నేను చూసి చాలా రోజులైంది.

నన్ను చూసి మామయ్య కంగారుగా లేచాడు.

"మీ నాన్నకి చెప్పకే. ఆమె అంతట ఆమే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఇట్లా గడి కట్టి చూపించింది. పొమ్మంటానా?"

"నువ్వు కూడా నేర్చుకుంటున్నావా మామయ్యా?"

"పక్కన కూర్చుంటే వస్తుంది కదా. ఎన్ని సంగతులు చెప్తోందనుకున్నావు! బడి సంగతి తెలుసా నీకు?"

నాకు సగమే తెలుసన్నాను. మిగతా సగం ఆయన చెప్పబోతుండగా మెట్ల మీద తడి చెప్పుల చప్పుడైంది. నేనూ ఎంతకీ రాకపోయేసరికి నాన్న గొడుగేసుకుని బయల్దేరాడు. లేసుల కొట్టాయన ఆయనకీ ఇదే దారి చూపించాడు.

నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గొడుగు నుంచి నీళ్లు కారి గదిలోకి పాకుతున్నాయి.

"నా చెల్లెల్ని నీ గుమ్మంలో కూర్చోబెట్టుకున్నావన్నమాట. నాకు చేతకాదని ఊరందరికీ చూపించడానికా?"

"బావా, లోపలికి రా. తడిసిపోయావు."

"నేను అడిగింది చెప్పు."

"ఆవిడ టీవీ చూడ్డానికొచ్చింది. నిన్ను తక్కువ చెయ్యడానికి కాదు." మామయ్య గొంతు తగ్గించాడు. అత్తకి వినపడుతుందన్నట్టు. "ఆవిడ చెప్పేవన్నీ నీ గురించే బావా. వానలో మీ అమ్మ మీ ఇద్దర్నీ బడికి తీసుకెళ్లిందట. నిన్ను లోపలికి పిలిచి తనని గేటు దగ్గర్నుంచే పంపేశారట. నువ్వు రోజూ సాయంత్రం వచ్చి, ఆ రోజు నేర్చుకున్నది పలక మీద బొమ్మలేసి తనకి చూపించేవాడివట. అవునా?"

అత్త ఒకసారి ఆయన్నీ ఒకసారి మామయ్యనీ చూస్తూ, ఒళ్లో చొక్కాని మడతలు పెడుతోంది. మడత పెట్టిందే మళ్లీ విప్పి పెడుతోంది. వెనక తెర మీద మూల మేడమ్ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

నాన్న లోపలికొచ్చి తెర కేసి చూశాడు. ఎంత స్పష్టంగా ఉందో చూస్తున్నాడనిపించింది నాకు. అడుగుతాడేమో, వైరు ఇవ్వమంటాడేమో అనుకున్నాను. మామయ్య కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఒకడుగు ముందుకొచ్చాడు. నాన్న మీసం మీద నీళ్లు తుడుచుకుని, అత్తకి ఇంటి వైపు చెయ్యి చూపించాడు. పద, అని.

అత్త సంచి తీసుకుని లేచింది. దారంతా గొడుగు ఆమె మీదే పట్టి, తను తడుస్తూ నడిచాడు. ఆమె మళ్లీ ఆ ఆఫీసుకి వెళ్లలేదు. వెళ్లొద్దని ఎవరూ అనలేదు. ఆయన మొహం చూసి ఆమే మానుకుంది.

ఆ తర్వాత రోజుల్లో ఇంట్లో మాటలు తగ్గాయి. నాన్న డిష్‌లు బిగించడానికి వెళ్లేవాడు, వచ్చేవాడు, ముందు గదిలో మిషన్ పక్క నుంచి తలొంచుకుని పోయేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ మామూలుగా అంది.

"మీ ఇద్దరికీ నోళ్లున్నాయి, తిట్టుకున్నారు. రేపు కలుస్తారు కూడా. మధ్యలో ఆమె ఏం చేసింది?"

"నేనేమన్నా ఆమెని ఏమన్నానా?"

"అదే నేనూ అంటున్నది. ఏమీ అనలేదు. ఎవరం ఏమీ అనలేదు."

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. రోజూ బయల్దేరేవాడని నాకు తెలుసు. చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వెళ్లి, సిగరెట్టు కాల్చి, వెనక్కి వచ్చేవాడు. ఆ మలుపు దాటితే కేబుల్ ఆఫీసు. ఆ కాస్త దూరం నడవడానికి ఆయనకి వానాకాలం మొత్తం పట్టింది.

వానలు వెనకబట్టి ఎండ పొడ కనపడుతున్న ఒక ఉదయం నాన్న మలుపు దాటాడు. ఏం మాట్లాడుకున్నారో ఆయన చెప్పలేదు. మామయ్య తర్వాత చెప్పాడు. "వైరివ్వు" అన్నాడట. "మనిషిని పంపిస్తా బావా" అంటే, "అక్కర్లేదు, నిచ్చెనెక్కడం నాకొచ్చు" అన్నాడట. అని నవ్వాడట. మామయ్యకి మాత్రం నవ్వు రాలేదట.

మధ్యాహ్నమంతా నాన్న డాబాల మీదే ఉన్నాడు. డిష్ ఏజెంటు తన ఇంటికి కేబుల్ లాక్కుంటుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. "ఏంటండీ, మీ డిష్ ఏమైంది?" అని ఎవరో అడిగితే, "అదీ ఉంది, ఇదీ ఉంటుంది" అన్నాడు. ఆరయ్యే లోపల హెచ్‌డీ బాక్సు పెట్టి, తెర తుడిచి, పీట తనే తెచ్చి టీవీ ముందు వేశాడు. తర్వాత మిషన్ దగ్గరికి వెళ్లి అత్త భుజం మీద తట్టి, మోటు వేళ్లతో బుగ్గ పక్కన గడి కట్టాడు.

అత్త చేతిలో కత్తెర కింద పెట్టేసింది. జుట్టు సర్దుకుంది. అంతకు ముందు టీవీ చూడ్డానికి ఆమె జుట్టు సర్దుకోగా నేను చూడలేదు.

వార్తలు మొదలయ్యాయి. అద్దంలో చూసినట్టుంది బొమ్మ. చదివేవాడి కోటు మీద గుండీ దారం వదులైంది కూడా కనపడుతోంది. కుడివైపు మూల నీలం రంగు గోడ ఉంది. అంతే. గడి లేదు.

"మొదట్లో రాదేమో, మధ్యలో వస్తుందేమో" అన్నాడు నాన్న.

మధ్యలో రాలేదు. చివర్న, మాటలు నేర్పే ఐదు నిమిషాల్లో, ఎవరో గచ్చు తుడిచే మందు గురించి చెప్పారు. నేను వరండాలోకి వెళ్లి మామయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఛానెల్ వాళ్లకి చేసి, మళ్లీ నాకు చేశాడు.

"కిందటి వారంలోనే తీసేశారట అమ్మాయ్. మీ అత్త రావడం మానేశాక నేనూ అటు చూడలేదు. చూసేవాళ్లు ఎవరూ లేరనుకున్నారట. ఒక్కళ్లూ ఫోన్ చెయ్యలేదట ఇన్నాళ్లలో. ఫోన్ చేసి చెప్పగలిగేవాళ్లయితే వాళ్లకి ఆవిడెందుకసలు?"

"మేడమ్ ఎక్కడికి వెళ్లింది?"

"అడిగాను. వాళ్లకీ తెలీదట."

లోపలికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన టీవీ కేసే చూస్తూ విన్నాడు. అత్తకి చెప్పడానికి మా దగ్గర సైగ లేదు. 'ఆగిపోయింది' అని చెప్పొచ్చు. 'ఎందుకు' అన్నది మాకు రాదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆమె మా మొహాలు చూసింది.

నాన్న ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పెద్దవాడు, మోకాళ్ల నొప్పులు, నేల మీద కూర్చోవడం ఎప్పుడో మానేశాడు. రెండు చేతులూ ఎత్తాడు, ఏదో చెప్పాలని. ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాయి. తర్వాత ఒళ్లో పడ్డాయి.

అప్పుడు అత్త మాట్లాడింది. నేనెప్పుడూ చూడని సైగలు అవి. మామయ్య ఆఫీసులో నేర్చుకున్నవై ఉంటాయి. నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా వెతుక్కోకుండా, ఒక పొడుగు వాక్యం. మీసం తిప్పింది, అది నాన్న. బొటనవేలిని భుజం మీదుగా తోసింది, అది నిన్న. మిగతావేవీ మాకు అందలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టి, దాన్ని ముందుకి తెచ్చి, నాన్న వైపు తెరిచింది. చెప్పడం అయిపోయాక జవాబు కోసం ఆయన కళ్లలోకి చూసింది.

"ఏమంటోందే?" అన్నాడు నాన్న నాతో.

"తెలీదు నాన్నా."

అత్త ఇంకోసారి చేసింది, మొదటిసారి కంటే నిదానంగా, పిల్లలకి చెప్పినట్టు. నాన్న ఆ వేళ్లనే చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఇంకాసేపు ఆగింది. తర్వాత లేచి టీవీ ఆపింది, పీట గోడకి జరిపింది. మా వైపు తిరిగి, ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకుంది. నానమ్మ నేర్పిన సైగ. భోజనం చేద్దాం రండి, అని.

మేం వెళ్లి కూర్చున్నాం.